చివరి ఏడాది సినిమాలో అరువు బొమ్మ: న్యాయమా, మోసమా?

మల్లెపందిరి

యానిమేషన్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఏప్రిల్‌లోగా లఘుచిత్రం అప్పగించాలి. జట్టులో ఇద్దరమే. కథ చిన్నది. సాయంత్రం కరెంటు పోతుంది. మా నాయనమ్మ కళ్లజోడు కోసం ఇల్లంతా తడుముకుంటుంది. ఆ కళ్లజోడును పొదుగుతూ గంపలో కోడి కూర్చుని ఉంటుంది. మూడు నిమిషాలు, మాటలు లేవు.

నాయనమ్మ బొమ్మను బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో నేనే చేశాను. ముఖం బాగానే కుదిరింది. లోపల ఎముకలు పెట్టి, ఏ ఎముక కదిలితే ఎంత చర్మం కదలాలో చెప్పే పని ఉంది కదా, ఆ రిగ్గింగ్ దగ్గర బండి ఆగిపోయింది. చెయ్యి దించి ఉన్నంతసేపు నాయనమ్మే. అటక మీదికి చెయ్యి చాపిందంటే చంక దగ్గర చర్మం పిండిన తడిగుడ్డలా మెలిపడుతుంది. రెండు నెలలు ఆ ఒక్క భుజానికే పోయాయి. ఇప్పటికి ఒక్క షాట్ కూడా కదల్లేదు.

నెట్‌లో ఉచితంగా దొరికే రిగ్, అంటే ఎముకలు పెట్టి సిద్ధంగా ఉన్న బొమ్మ, దించుకుని నటన మొదలుపెడదామని నా జతగాడు అంటున్నాడు. మీరు చేయని బొమ్మ మీ సినిమా ఎలా అవుతుందని మా గైడు అడుగుతున్నారు. ఎవరి మాట వినాలి?

రాత్రిపాళీ

మీ జతగాడి మాటే. పదకొండేళ్లుగా ఒక స్టూడియోలో యానిమేటర్‌గా పని చేస్తున్నాను. ఇన్నేళ్లలో నేను కదిలించిన బొమ్మల్లో నేను తయారు చేసినది ఒక్కటీ లేదు. మోడల్ చేసేవారు వేరు, రిగ్ వేసేవారు వేరు, వెలుతురు పెట్టేవారు వేరు. ఉద్యోగం కోసం వచ్చే షోరీళ్లు, అంటే పని నమూనాల వీడియోలు, చూసే పని కూడా అప్పుడప్పుడు నా మీద పడుతుంది. మొదటి పదిహేను సెకన్లలోనే సంగతి తెలిసిపోతుంది. బొమ్మకు బరువు ఉందా? లేచేముందు ఒళ్లు ముందుకు వంగిందా? తల తిరిగేలోపే చూపు తిరిగిందా? బొమ్మ ఎవరిదని నేను ఎన్నడూ అడగలేదు.

లెక్క చూసుకోండి. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. సెకనుకు 24 చొప్పున 4,320 ఫ్రేములు. కొత్తవారికి రోజుకు రెండు సెకన్ల మంచి నటన వస్తే గొప్ప. అంటే నటనకే 90 రోజులు, ఇద్దరూ సమానంగా పంచుకుంటే 45. రెండర్‌కు, అంటే కంప్యూటరు తుది బొమ్మ గీయడానికి, ఫ్రేముకు నాలుగు నిమిషాలు అనుకున్నా ఒక కంప్యూటరుకు 288 గంటలు. పన్నెండు రోజులు రాత్రింబవళ్లు అది ఆగకూడదు. భుజానికి ఇంకో నెల ఎక్కడినుంచి తెస్తారు?

నల్లబల్ల

నేను గైడు పక్షం. ఈ పాఠం చెప్పే వృత్తిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం కఠినంగా కనిపిస్తాను, ఏమీ అనుకోవద్దు.

స్టూడియోలో పని పంచుకుంటారు, నిజమే. అది ఉద్యోగం, ఇది చదువు. వెయిట్ పెయింటింగ్, అంటే ఏ ఎముకతో ఎంత చర్మం కదలాలో నిర్ణయించే పని, ఒక్కసారైనా చేయని యానిమేటరు రిగ్ వేసినవారి దగ్గరికి వెళ్లి ‘భుజం బాగాలేదు’ అనగలడు, అంతే. ఏ ఎముక ఎక్కడి చర్మాన్ని అతిగా లాగుతోందో చెప్పలేడు. మల్లెపందిరి గారు ఈ రెండు నెలల్లో అది నేర్చుకున్నారు. దాన్ని నష్టం కింద ఎందుకు రాస్తున్నారో నాకు అర్థం కాదు.

ఈ కంప్యూటర్ యానిమేషన్ కళ తొలి అడుగుల్లో ఒకటి విద్యార్థుల పనే. 1972లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్ క్యాట్మల్ తన తోటి విద్యార్థి ఫ్రెడ్ పార్క్‌తో కలిసి దాన్ని చేశాడు. తన ఎడమ చేతికి అచ్చు పోసి, ఆ ప్లాస్టర్ చెయ్యి మీద సుమారు 350 త్రిభుజాలూ బహుభుజులూ సిరాతో గీసుకుని, ఒక్కొక్క మూల కొలిచి కంప్యూటరులోకి ఎక్కించాడు. తెర మీద ఆ చెయ్యి వేళ్లు ముడిచి తెరిచింది. ఆ విద్యార్థే తర్వాత పిక్సార్ అనే యానిమేషన్ స్టూడియో స్థాపకుల్లో ఒకడు. అరువు చెయ్యి దొరికి ఉంటే ఆ చదువు ఏమయ్యేది?

రాత్రిపాళీ

అరువు దొరకలేదు కాబట్టి చేసుకున్నాడు. పైగా ఆ చేతికి కథ లేదండీ. చెయ్యి చేయడమే ఆయన పరిశోధన. మల్లెపందిరి గారికి కథ ఉంది, కోడి ఉంది, ఏప్రిల్ కూడా ఉంది.

గోదారిగట్టు

కూచిపూడి ఆడే అమ్మాయి తన గజ్జెలు తానే పోత పోసుకుంటుందా? బొబ్బిలి వీణ వాయించేవారంతా పనసకర్ర చెక్కుతారా? అంతదూరం ఎందుకు, బ్లెండర్‌ను మీలో ఎవరు రాశారు? అది 2002లో వాడుకరులు లక్ష యూరోల చందా పోగుచేసి విడిపించుకున్న సాఫ్ట్‌వేర్. చందాలతో కట్టిన సత్రంలో దిగి, ఇక్కడ గరిటె కూడా నాదే ఉండాలని పట్టుబడితే నవ్వొస్తుంది.

నల్లబల్ల

రిగ్‌ను గజ్జెలతో పోల్చకండి, అది ఒళ్లు. అరువు గజ్జెలు కట్టుకుని ఎవరైనా ఆడవచ్చు. అరువు ఒంటితో ఆడితే నడక కూడా అరువుగానే ఉంటుంది. అందరికీ తెలిసిన ఉచిత రిగ్‌లు కొన్ని ఉన్నాయి. ఏ కళాశాల ప్రదర్శనకు వెళ్లినా ఆ ముఖాలే ఎదురవుతాయి. పోయినేడు ఒకే మధ్యాహ్నం ఒకే కుర్రాడు ఒక సినిమాలో దొంగ, ఇంకోదానిలో డాక్టరు, మూడోదానిలో పరీక్ష తప్పిన విద్యార్థి. మూడోసారి తెర మీదికి రాగానే హాలంతా నవ్వింది. అది విషాద సన్నివేశం.

రాత్రిపాళీ

ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను. షోరీలుకు ఆ కుర్రాడు చాలు, సినిమాకు చాలడు.

పాత లాప్‌టాప్

లైసెన్సు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ‘ఉచితం’ అనే మాట నమ్మి నేను ఒకసారి మునిగాను. మూడేళ్ల క్రితం మా సినిమాలో ఒక కుక్క రిగ్ వాడాం. డబ్బుకు సంబంధం లేని పనులకు మాత్రమే అని దాని లైసెన్సులో ఉంది. మేము చదవలేదు. ఒక పోటీకి పంపాం, ఎంపికైంది. గెలిచిన సినిమాలను తమ చానెల్లో డబ్బులకు ప్రసారం చేస్తామని ఆ పోటీ నియమం. కుక్క యజమానికి ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. చివరికి మేమే వెనక్కి తీసుకున్నాం. దించుకునేముందు ఒక నిమిషం కేటాయించి ఆ పేజీ చదవండి. చేసినవారి పేరు వేస్తే చాలు అని ఉందా, డబ్బు వచ్చే చోట వాడవద్దని ఉందా, మార్చి వాడవచ్చా. మూడూ వేరువేరు సంగతులు.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నాను. రెండర్‌ను నేరుగా వీడియో ఫైలుగా తీయకండి. ఒక్కో ఫ్రేమును విడి బొమ్మగా భద్రపరచండి. మీ కథలోనే కాదు, మీ హాస్టల్లో కూడా కరెంటు పోతుంది.

చుక్కల ముగ్గు

నాదొక సందేహం. దించుకోమని చెబుతున్నవారు చీర కట్టిన రిగ్ ఒక్కటి చూపించండి. నిరుడు మా అమ్మమ్మ పాత్ర కోసం రెండు వారాలు వెతికాను. జీన్సు ఉంది, కోటు ఉంది, ఇనుప కవచం ఉంది, మంత్రగాడి అంగీ కూడా ఉంది. చీర కనబడలేదు. కాబట్టి చొక్కా తొడిగిన ముసలమ్మను తెచ్చి పైన మనమే చీర చుట్టాలి. గుడ్డ లెక్కలు కంప్యూటరుకే వదిలేస్తే మొదటి అడుగుకే కుచ్చెళ్లు ఒకదానిలో ఒకటి దూరిపోతాయి. మూడో అడుగుకు కొంగు ఇంటి కప్పు దాటి పోతుంది. నా దగ్గర ఆ వీడియో ఇంకా ఉంది. దిగులు పుట్టినప్పుడు చూసుకుంటాను.

చివరికి చీరను గుడ్డగా చూడడం మానేశాను. నడుము కింది భాగమంతా గంట ఆకారంలో ఒకే ముక్క. కుచ్చెళ్లు దాని మీద చెక్కిన గీతలే. కొంగుకు మాత్రం నాలుగు ఎముకలు పెట్టి చేత్తో కదిలించాను. లోపల కాళ్లు ఉన్నాయా లేవా అని చూసినవారెవరూ అడగలేదు. నిజంగానే లేవు.

మల్లెపందిరి

కాళ్లు లేవా!

చుక్కల ముగ్గు

పాదాలు రెండు, చీలమండ వరకు. అమ్మమ్మ నడకకు అంతకన్నా ఏమి కావాలి?

వరాహ ఒడ్డు

మాది ఏటికొప్పాక దగ్గర ఊరు. ఇంత కష్టం ఎందుకని అడుగుతున్నాను. మా వైపు అంకుడు కర్రను తిప్పుడు యంత్రానికి బిగించి బొమ్మలు చేస్తారు. తిరుగుతుండగానే ఉలి ఆనిస్తే ఆకారం వస్తుంది, లక్క ఆనిస్తే రంగు పడుతుంది. అన్నీ గుండ్రంగానే ఉంటాయి. బ్లెండర్‌లో కూడా ఒక గీత గీసి ఇరుసు చుట్టూ తిప్పితే అచ్చం అదే పని జరుగుతుంది. నాయనమ్మను లక్కబొమ్మగా చేయండి. తల ఒక ముక్క, ఒళ్లు ఒక ముక్క, చేతులు రెండు ముక్కలు. ముక్కల మధ్య చర్మమే లేకపోతే చంక ఎలా మెలిపడుతుంది? అప్పుడు రిగ్ ఒక పూట పని.

నల్లబల్ల

వరాహ ఒడ్డు గారూ, తరగతిలో నేను చెప్పవలసిన మాట ఇది. 1986లో పిక్సార్ వారి లక్సో జూనియర్ అనే లఘుచిత్రంలో నటులు రెండు టేబుల్ దీపాలు. ముఖం లేదు, వేళ్లు లేవు. అయినా ఏది తండ్రో ఏది బిడ్డో చూడగానే తెలుస్తుంది. అప్పటి కంప్యూటర్లకు గట్టి వస్తువులే చేతనయ్యేవి, వాళ్లు గట్టి వస్తువులనే నటులను చేశారు. మన విద్యార్థులు తలకిందులుగా వెళతారు. కథ రాసేటప్పుడు పొడుగు జుట్టు, వాన, జాతర జనం అన్నీ పెట్టేసి, జనవరిలో నా గది బయట నిలబడతారు.

మల్లెపందిరి

ఆలోచన చాలా బాగుంది, నిజంగా. కానీ నాకు మా నాయనమ్మ కావాలండీ, లక్కబొమ్మ కాదు. కళ్లజోడు లేనప్పుడు ఆవిడ నుదురు ముడిచి, పెదవి లోపలికి లాక్కుని, చేత్తో గోడను తడుముతుంది. ఆ పెదవి కోసమే ఈ సినిమా. కర్రలో ఆ పెదవి రాదు.

గోదారిగట్టు

మరి ఆ పెదవి మీకు ముఖ్యమైతే భుజంతో కుస్తీ ఎందుకు?

రాత్రిపాళీ

గోదారిగట్టు గారు మంచి ప్రశ్న వేశారు. అటక షాట్ తీసేయండి. అటక ఎందుకు? కరెంటు లేని ఇంట్లో ముసలావిడ నిచ్చెన ఎక్కదు, గూట్లోనూ దిండు కిందా వెతుకుతుంది. చెయ్యి భుజం దాటి లేవకపోతే మీ రిగ్ ఈ రోజే సిద్ధం.

నల్లబల్ల

అది తప్పించుకోవడం.

రాత్రిపాళీ

అది దర్శకత్వం. మేము రోజూ చేసే పని అదే, కాకపోతే దానికి సమావేశం పెడతారు.

మల్లెపందిరి

పది రోజుల తర్వాత వస్తున్నాను. ఇద్దరం కూర్చుని తేల్చుకున్నది ఇది.

నాయనమ్మ మాదే. బ్లెండర్‌తో పాటు వచ్చే రిగిఫై ఎముకల చట్రాన్ని ఆవిడ కొలతలకు సరిపెట్టాం. వెయిట్లు మాత్రం నేనే మళ్లీ మొదటినుంచి వేశాను. చట్రం అరువు, చర్మం సొంతం. నల్లబల్ల గారు దీన్ని ఏ ఖాతాలో వేస్తారో చెప్పాలి. కాళ్లు తీసేశాం. అటక తీసేయలేదు. అటక మీద చెయ్యి పెట్టినప్పుడే కోడి కూత వినబడాలి, అక్కడే కథ తిరుగుతుంది. అందుకని కొంగును భుజం చుట్టూ నిండుగా కప్పి, కెమెరాను వీపు వైపుకు జరిపాం. చంక కనబడదు.

కోడి మాత్రం దించుకున్నదే. పేరు వేస్తే చాలు అనే లైసెన్సు, రెండుసార్లు చదివాం. రంగులు మార్చి మా ఇంటి పెట్టలా చేశాం. ఈకలన్నీ మేమే చేయబోతే ఏప్రిల్ కాదు, వచ్చే సంక్రాంతి వస్తుంది. గైడుకు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, చివర్లో పేర్లు వేసేటప్పుడు కోడి చేసినవారి పేరు మీ పేర్లంత పెద్ద అక్షరాల్లోనే ఉండాలన్నారు. ఒప్పుకున్నాం.

సినిమా మూడు నిమిషాల నుంచి రెండు నిమిషాల పది సెకన్లకు తగ్గింది. అటక షాట్ ఇరవై సెకన్లు రంగులు లేకుండా ఇక్కడ పెడుతున్నాను. చూసి చెప్పండి.

రాత్రిపాళీ

చెయ్యి పైకి లేచేముందు నడుము కొంచెం కిందికి దిగాలి. మిగతాదంతా బాగుంది. ఆ పెదవి నిజంగానే బాగుంది.

చుక్కల ముగ్గు

కొంగుకు ఎన్ని ఎముకలు?

మల్లెపందిరి

ఆరు.

నల్లబల్ల

ఖాతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం. పదిహేడో సెకనులో కొంగు భుజంలోకి దూరుతోంది, చూసుకోండి.