సియాటిల్ తొలి కోత మిల్లు యజమాని హెన్రీ యెస్లర్ కుటుంబ చరిత్ర: కూతురి పేరు ఎక్కడ రాయాలి?

ప్రశ్న: లంకగాలి

సభ్యులందరికీ నమస్కారం. మేము సియాటిల్ నగరానికి తూర్పున, సరస్సుకు ఆవలి ఒడ్డున నివసిస్తున్నాము. ఇక్కడ శనివారాలలో పిల్లలకు తెలుగు నేర్పుతూ ఉంటాము. ఈ ఏడాది పెద్ద పిల్లల చేత నగరంలోని వీధుల పేర్ల వెనుక ఉన్న మనుషుల గురించి తెలుగులో రాయిస్తున్నాము. ఒక్కొక్కరికి ఒక వంశవృక్షం గీయడం కూడా అందులో భాగం. ఒక అమ్మాయికి యెస్లర్ వీధి వచ్చింది.

హెన్రీ యెస్లర్ ఈ తీరానికి మొదటగా వచ్చి స్థిరపడినవారిలో ఒకడని, ఆవిరితో నడిచే కోత మిల్లును పెట్టాడని, రెండుసార్లు మేయరు అయ్యాడని సులభంగానే తెలిసింది. చిక్కంతా వంశవృక్షం దగ్గర వచ్చింది. నేను చదివిన ఒక పరిచయంలో ఆయనకు ఒక్కడే కొడుకని, ఆ అబ్బాయి చిన్నతనంలోనే చనిపోయాడని, అంతటితో వంశం ముగిసిందని ఉంది. మరొకచోట జూలియా అనే కూతురి ప్రస్తావన ఒకే ఒక వాక్యంలో కనిపించింది. ఈ రెండింటిలో ఏది సరైనది? కూతురు ఉన్నమాట నిజమైతే ఆమెను ఎందుకు దాటవేశారు? అంత ఆస్తి సంపాదించిన మనిషి కుటుంబం ఊరిలో కనబడకుండా ఎలా పోయింది? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు 1: పాతదస్తావేజు

లంకగాలి గారికి నమస్కారం. రెండూ సరైనవే, అయితే మొదటిది సగం మాత్రమే. ముందుగా పెళ్లితో ఏర్పడిన కుటుంబం సంగతి చెబుతాను.

హెన్రీ లైటర్ యెస్లర్ 1810 డిసెంబరు 2న మేరీల్యాండ్ రాష్ట్రంలోని లైటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. పేరు మధ్యలో ఉన్న ‘లైటర్’ తల్లి పుట్టింటి పేరు. ఆ ఊరికి కూడా ఆ ఇంటిపేరే వచ్చింది కనుక తల్లి వైపు శాఖను వదిలిపెట్టకుండా గీయించండి. వడ్రంగం తెలిసిన ఆయన యౌవనంలో ఒహాయోలోని మాసిలాన్‌కు వెళ్లి, అక్కడ 1839లో సారా బర్గర్ట్‌ను వివాహమాడాడు. వారికి హెన్రీ జార్జ్ అనే కొడుకు పుట్టాడు. 1851లో భార్యనూ కొడుకునూ మాసిలాన్‌లోనే ఉంచి యెస్లర్ ఒంటరిగా పడమటి తీరానికి బయలుదేరాడు. మిల్లు పెట్టడానికి అనువైన చోటు వెతుక్కుంటూ 1852 అక్టోబరులో ఇప్పటి సియాటిల్ ఉన్న ఎలియట్ అఖాతం ఒడ్డుకు చేరాడు. సారా 1858లో గాని భర్త దగ్గరకు రాలేదు. కొడుకు ఒహాయోలోనే ఉండిపోయి, మరుసటి ఏడు 1859లో అక్కడే మరణించాడు.

యెస్లర్ వచ్చేనాటికి ఒడ్డు పొడవునా ఉన్న భూములను అంతకుముందు వచ్చినవారు గుర్తు పెట్టుకుని ఉన్నారు. అయితే మిల్లు లేని ఊరు ఊరుగా నిలవదని వారికి తెలుసు. అందువల్ల డాక్టర్ మేనార్డ్, కార్సన్ బోరెన్ తమ హద్దులను చెరొక వైపు జరుపుకుని, నీటి ఒడ్డు వరకు ఒక సన్నని పట్టీని ఆయనకు వదిలారు. పటం మీద చూస్తే ఆయన భూమి గరిటెలా ఉంటుంది: తల కొండ మీద, కాడ సముద్రం వైపు. ఆ కాడ వెంబడి వెళ్లే దారినే తొలుత మిల్లు వీధి అన్నారు, ఇప్పుడు యెస్లర్ వీధి అంటున్నారు. దానికి ఉత్తరాన వీధులు ఒడ్డు వంపును అనుసరించి సాగితే, దక్షిణాన మేనార్డ్ తన వీధులను దిక్కుల ప్రకారం వేయించాడు. అందుకే రెండు వైపుల వీధులూ అక్కడికి వచ్చేసరికి వంకరగా కలుస్తాయి. పిల్లలను తీసుకువెళ్లి చూపించదగిన సంగతి ఇది.

1850 నాటి భూదాన చట్టం ప్రకారం ఆ ఏడాది డిసెంబరు తరువాత వచ్చి స్థిరపడిన ఒంటరి పురుషునికి 160 ఎకరాలు, భార్య ఉన్నవానికి 320 ఎకరాలు వచ్చేవి. అందులో సగం భార్య సొంత హక్కు. అంటే సియాటిల్ నేల మీద అడుగు పెట్టక ముందే సారా పెళ్లి వల్ల యెస్లర్ అడగగలిగిన భూమి రెట్టింపయింది. మిల్లు యజమాని చరిత్రలో భార్య పేరు ఏదో ఒక మూలన రాసి సరిపెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. 1868లో ఏర్పడిన గ్రంథాలయ సంఘానికి ఆమె గ్రంథపాలకురాలు, స్త్రీల ఓటు హక్కు కోసం పనిచేసింది. 1887లో కన్నుమూసింది.

జవాబు 2: తీరరేఖ

పాతదస్తావేజు గారు చెప్పినదానికి కొనసాగింపుగా జూలియా సంగతి రాస్తున్నాను.

మిల్లు 1853 మార్చిలో నడవడం మొదలైంది. అందులో పనిచేసిన కూలీలలో డువామిష్, సుక్వామిష్ జాతుల వారు చాలామంది ఉన్నారు. వారిలో ఒక నాయకుని పేరు సుక్వార్డల్, వలస వచ్చినవారు ఆయనను కర్లీ అని పిలిచేవారు. ఆయన కూతురు సూసన్‌కూ యెస్లర్‌కూ 1855 జూన్ 12న జూలియా పుట్టింది. సూసన్ అప్పటికి పదిహేనేళ్ల ప్రాయంలో ఉన్న పిల్ల, యెస్లర్ వయసు 44. పెద్ద పిల్లలకు చెప్పేటప్పుడు కూడా ఈ వయసుల తేడాను కప్పిపెట్టి ‘ఆ కాలంలో అంతే’ అని తేల్చివేయకూడదని నా అభిప్రాయం. 1858లో సారా వచ్చేనాటికి ఆ సంబంధం ముగిసింది.

ఆమెను ఎందుకు దాటవేశారన్నారు. ఆ ఏడు ఏమేమి జరిగిందో చూస్తే కొంత అర్థమవుతుంది. 1855 జనవరి 22న పాయింట్ ఎలియట్ ఒప్పందంతో స్థానిక జాతుల చేత ఈ నేల మీద హక్కులు వదిలించారు. అదే కాలంలో వాషింగ్టన్ ప్రాంత శాసనసభ తెల్లవారికీ, సగానికి మించి స్థానిక రక్తం ఉన్నవారికీ మధ్య జరిగే వివాహాలు చెల్లవని చట్టం చేసింది. అది 1868 దాకా అమలులో ఉంది. యెస్లర్‌కు ఒహాయోలో భార్య ఉండనే ఉంది కనుక ఆ చట్టం లేకపోయినా సూసన్‌కు భార్య హోదా దక్కేది కాదు. కానీ అటువంటి పుట్టుకలను కాగితం మీదకు ఎక్కనివ్వని వాతావరణం ఆ చట్టాలతోనే గట్టిపడింది.

ఇక నన్ను ఎక్కువగా కలచివేసినది 1865 నాటి సంగతి. ఆ ఏడు ఊరికి ఏర్పడిన తొలి పాలక మండలి సభ్యులలో యెస్లర్ ఒకడు. ఆ మండలి చేసిన అయిదవ నిబంధన ప్రకారం స్థానిక జాతుల వారెవరూ ఊరి హద్దులలో నివసించకూడదు. పనిలో పెట్టుకున్న యజమాని తన ఆవరణలోనో దానిని ఆనుకునో బస కల్పిస్తేనే మినహాయింపు. అప్పటికి జూలియాకు పదేళ్లు కూడా నిండలేదు. జనాన్ని ఊరి బయటకు పంపే నిబంధన, వారి శ్రమను మాత్రం మిల్లులకూ ఇళ్లకూ మిగిల్చే మినహాయింపు ఒకే కాగితంలో ఇమిడిపోయాయి.

జూలియా పెద్దదై, పెళ్లి చేసుకుని, జూలియా బెన్సన్ ఇంటర్‌మెలాగా 1907 వరకు జీవించింది. కనుక ‘అంతటితో వంశం ముగిసింది’ అన్న వాక్యాన్ని కొట్టివేయండి.

జవాబు 3: రంపపుపొట్టు

మాది రాజమహేంద్రవరంలో కలప వ్యాపారం చేసిన కుటుంబం. గోదావరిలో తెప్పలు కట్టి దించిన దుంగలను ఒడ్డుకు లాగి కోత మిల్లుకు చేర్చడం గురించి తాతగారు చెబుతుండగా వింటూ పెరిగినవాడిని కనుక మిల్లు వైపు నుంచి నాలుగు మాటలు రాస్తాను.

సియాటిల్‌లో దుంగలు కొండ మీద ఉండేవి. వాటిని వాలు మీదుగా జార్చుకుంటూ నీటి ఒడ్డున ఉన్న మిల్లుకు దించేవారు. కోసిన చెక్క ఓడలలో శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లేది. వంట కోసం వేసిన దుంగల ఇల్లు భోజనశాలగానే కాక న్యాయస్థానంగా, సభామందిరంగా కూడా పనికివచ్చింది. మిల్లు నుంచి వచ్చిన రంపపు పొట్టును పక్కనున్న బురద మడుగులో పోసి పూడ్చారు. ఇప్పటి పయనీర్ స్క్వేర్ పరిసరాలలో కొంత భాగం ఆ పొట్టు మీదనే నిలబడి ఉంది. మా మిల్లులో ఆ పొట్టును పొయ్యిలలోకి అమ్మేవారు. ఊరిని పూడ్చవచ్చునని ఎవరికీ తోచలేదు.

అయితే యెస్లర్ మిల్లు వల్ల ధనవంతుడయ్యాడని అనుకోకండి. చాలా ఏళ్లు ఆయన అప్పులలోనే ఉన్నాడు. 1876లో మిల్లునే మొదటి బహుమతిగా పెట్టి, ఒక్కొక్కటి 5 డాలర్ల చొప్పున 60,000 టిక్కెట్లతో లాటరీ వేయబోయాడు. అది చట్టవిరుద్ధమని న్యాయస్థానం జరిమానా విధించింది. ఆయనను నిలబెట్టినది ఆ గరిటె ఆకారపు భూమి. 1880లో 3,533 మంది ఉన్న ఊరు 1890కి 42,837 మందికి చేరినప్పుడు ఊరి నడిబొడ్డున స్థలాలు ఉన్నవానికి వేరే వ్యాపారం అక్కరలేకపోయింది. 1889 జూన్ 6 నాటి అగ్నిప్రమాదంలో ఊరి వ్యాపార కేంద్రం కాలిపోయినా నేల కాలదు కదా. నలభై గదుల భవనం కట్టించుకోగలిగినది కూడా ఆ నేల బలంతోనే.

కుటుంబం ఎలా కనబడకుండా పోయిందన్నారు. సారా మరణం తరువాత ఆయన తన కంటే ఎంతో చిన్నదైన మిన్నీ గాగల్ అనే బంధువుల అమ్మాయిని వివాహమాడాడు. వ్యవహారాలను మేనల్లుడు జేమ్స్ లోమన్ చూసేవాడు. 1892 డిసెంబరు 16న యెస్లర్ మరణించగా, ఆస్తిలో నగరానికి వాటా ఇస్తూ వీలునామా రాశాడని, దానిని మాయం చేశారని పెద్ద వివాదం నడిచింది. భవనం 1899లో నగర గ్రంథాలయమై, 1901 జనవరి మొదటి రాత్రి పుస్తకాలతో సహా కాలిపోయింది. ఇప్పుడు ఆ చోట కౌంటీ న్యాయస్థానం ఉంది.

తిరిగి లంకగాలి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ అమ్మాయికి మీ జవాబులు చదివి వినిపించాను. వెంటనే ఆమె అడిగిన ప్రశ్న ఇది: పెళ్లి కాలేదు కనుక సూసన్‌ను యెస్లర్ పక్కన ఎలా గీయాలి? మా ఇంట్లో ఉన్న వంశవృక్షంలో ఏడు తరాల మగవారి పేర్లు ఉన్నాయి, ఆడపిల్లల పేర్లు ఒక్కటీ లేవు. నేను ఆమెకు ఏ నమూనా చూపించాలో తెలియలేదు.

జవాబు 4: తీరరేఖ

వంశావళులు గీసేవారు పెళ్లి సంబంధానికి నిండు గీతను, పెళ్లి లేని సంబంధానికి చుక్కల గీతను వాడతారు. బిడ్డకు మాత్రం ఎప్పుడూ నిండు గీతే గీయాలి. పైన సుక్వార్డల్ పేరు, దాని కింద సూసన్ పేరు రాయించండి. అప్పుడు జూలియాకు రెండు వైపులా తాతల తరం కనబడుతుంది: ఒక వైపు లైటర్స్‌బర్గ్ నుంచి వచ్చినవారు, మరొక వైపు ఈ ఒడ్డున ఎప్పటి నుంచో ఉన్నవారు.

లేక్ వ్యూ శ్మశానానికి పిల్లలను తీసుకువెళ్లండి. బ్రూస్ లీ సమాధి చూడడానికి మనవాళ్లు ఎటూ వెళుతూనే ఉంటారు, యెస్లర్ సమాధి కూడా అక్కడే ఉంది. ఈ నగరానికి ఎవరి పేరు పెట్టారో ఆ స్థానిక నాయకుడు సియాటిల్ కూతురు, వలస వచ్చినవారు యాంజలీన్ అని పిలిచిన కికిసోబ్లూ సమాధి కూడా అక్కడే ఉంది. ఊరు విడిచి పొమ్మన్న నిబంధన తరువాత కూడా ఆమె ఇక్కడే ఉండిపోయి 1896లో మరణించింది. ఆ అమ్మాయి తరువాతి పాఠానికి ఆ పేరును ఇవ్వవచ్చు.