రంజాన్‌లో అమ్మా నాయన్ని కువైట్‌కి పిలిపించుకోవచ్చా?

ప్రశ్న (కువైట్‌లోని ఫర్వానియా నుంచి):
అన్నలూ అక్కలూ ఒక సందేహం. మాది రాజంపేట. అమ్మకీ నాయనకీ విజిట్ వీసా చూస్తాండా, వాళ్ళకి కుదిరేది ఫిబ్రవరే, 2027లో రంజాన్ కూడా అప్పుడే అంట. అమ్మకి షుగర్, టైముకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. బయట తింటే పోలీసులు పట్టుకుంటారంటాండారు, నిజమేనా?

జవాబు (సాల్మియా):
నిజమే తమ్ముడూ. 1968 నుంచీ చట్టం ఉందిక్కడ, ఉపవాసం వేళ నలుగురిలో తింటే తాగితే 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. ముస్లింలు కాకపోయినా అంతే. మంచినీళ్ళు, సిగరెట్టు, చూయింగ్ గమ్ ఏదైనా లెక్కే, కారులో కూర్చుని తాగినా అద్దంలోంచి కనపడుద్ది కాబట్టి వద్దు. ఇంట్లో మాత్రం మీ ఇష్టం, మామూలుగా వండుకు తినండి. హోటళ్ళు పగలు మూసేస్తారు గానీ జమియాలు (కోఆపరేటివ్ సూపర్‌మార్కెట్లు), బకాలాలు (చిన్న కిరాణా కొట్లు) తెరిచే ఉంటాయి, సరుకులకి ఇబ్బంది లేదు.

మా అత్తగారికీ షుగరే. వచ్చినప్పుడు ఒకరోజు క్లినిక్‌లో లేటయ్యి చేతులు వణికిపోతుంటే సంచిలోంచి బిస్కెట్ పాకెట్ తీశారు, నాకు గుండె ఆగినంత పనైంది, పక్కనున్న కువైటీ పెద్దావిడ చూసి నర్సుని పిలిచి లోపల గదిలోకి పంపించింది, నర్సు కర్టెన్ లాగి తినే దాకా అక్కడే నిలబడింది. ఆ పెద్దావిడా ఉపవాసమే. అందుకే చెప్తున్నా, భయపడక్కర్లేదు, ఒంట్లో బాగోకపోతే దగ్గర్లో ఎవరికైనా చెప్పేయండి. మందుల చీటీ సంచిలో ఉండాలి. అమ్మని ఉపవాసం మాత్రం ఉండనివ్వకు, మనోళ్ళు మొహమాటానికి ఉండిపోతారు.

జవాబు (అబ్బాసియా):
అక్క చెప్పింది కరెక్ట్. ఆఫీసుల టైమింగ్స్ తగ్గుతాయి, పనులు పొద్దున్నే చూసుకో. సాయంత్రం బాంగుకి (నమాజు పిలుపుకి) ముందు గంటసేపు రోడ్డెక్కొద్దు బ్రో, అందరూ ఇంటికి చేరాలని పరుగే, సిగ్నల్స్ దగ్గర కుర్రాళ్ళు ఖర్జూరం, లబన్ (మజ్జిగ), నీళ్ళు కవర్లో పెట్టి కిటికీలోంచి ఇస్తారు, తీసుకోండి, వద్దంటే బాధపడతారు. నాయన్ని నాయెఫ్ ప్యాలెస్‌కి తీసుకెళ్ళు, ఇఫ్తార్‌కి ఫిరంగి పేలుస్తారు. గోధుమలు, మాంసం మెత్తగా ఉడికించి చేసే హరీస్ కూడా తినిపించు, మన హలీం దాన్నుంచి వచ్చిందే, మసాలా తక్కువ కాబట్టి పెద్దోళ్ళకి పడుద్ది. సగం నెలలో గర్గియాన్ అని పండగ, పిల్లలు చాక్లెట్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతారు, చాక్లెట్లు కొని పెట్టుకో.

ప్రశ్న అడిగినాయన:
థాంక్స్ అక్కా, అన్నా. మధ్యాహ్నం దిగే టికెట్ చూసినా, మార్చేస్తా, రాత్రి దిగేది తీసుకుంటా.