సెయింట్ లూయిస్ కౌంటీలో స్పీచ్ థెరపిస్టు మానేస్తే కొత్తవారు ఎన్నాళ్లకు వస్తారు?

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీలో 1957 నుంచి ప్రత్యేక విద్యకు విడిగా ఒక స్కూల్ డిస్ట్రిక్టే (బడులను నడిపే స్థానిక సంస్థ) ఉంది. అక్కడి 22 స్కూల్ డిస్ట్రిక్టులకు థెరపిస్టులను, స్పెషల్ టీచర్లను నియమించేది అదే. దానికి ఆస్తిపన్నులో వేరే వాటా ఉంటుంది. మేముండే సెయింట్ లూయిస్ నగరం 1876లోనే కౌంటీ నుంచి విడిపోయింది కాబట్టి ఈ ఏర్పాటు మాకు లేదు. అబ్బాయిని కౌంటీ బడికి మార్చి అందులో చేరాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాం.

మా అబ్బాయి నగరంలో చార్టర్ స్కూల్లో (ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే బడి) రెండో తరగతి. వాడి ఐఈపీలో (బడి ఇవ్వాల్సిన ప్రత్యేక సేవలు రాసిపెట్టే ప్రణాళిక) వారానికి 60 నిమిషాల స్పీచ్ థెరపీ రాసి ఉంది, రెండు విడతలుగా. సెప్టెంబర్ నుంచి థెరపిస్టు పోస్టు ఖాళీ. రాతపూర్వకంగా అడిగాం, ఐఈపీ మీటింగ్ మళ్లీ పెట్టించాం, పోయిన నిమిషాలకు పరిహారంగా అదనపు థెరపీ కోరాం. మనిషి దొరకడం లేదనే జవాబు. ఆన్‌లైన్ థెరపీ మూడు వారాలు నడిచింది, వాడు తెర ముందు కుదురుగా కూర్చోడు.

పెద్ద డిస్ట్రిక్టయితే పక్క బడి నుంచైనా ఒకరిని సర్దుతారని, చేరడమే మేలని నాకనిపిస్తోంది. అయితే అది కాగితం మీది మాట.

కౌంటీ బడుల్లో పిల్లలున్నవారు చెప్పండి: థెరపిస్టు ఏడాది మధ్యలో మానేసినప్పుడు, కొత్తవారు వచ్చి సెషన్లు మొదలవడానికి మీకు ఎన్ని వారాలు పట్టింది?