అప్‌డేట్: వరద కలిసిన నూతి నీళ్ల సంగతి

మొన్న తుపానుకి మందస దగ్గర మా నూతిలో వరద నీళ్లు కలిశాయి, ఎలా బాగుచేయాలని అడిగాను కదా. కరెంటు లేదు, అందుకే డీజిల్ ఇంజినుతో బురద నీళ్లన్నీ తోడించేశాం, కొత్త నీళ్లు ఊరాక బ్లీచింగ్ పౌడర్ వేశాం. మామూలుగా 1000 లీటర్లకి 2.5 గ్రాములు, అంటే 2 మీటర్ల వెడల్పు నూతిలో 3 మీటర్ల నీళ్లుంటే దాదాపు 24 గ్రాములు, కానీ వరద నీళ్లు కదా అని మేం రెట్టింపు వేశాం.

పొడి అలాగే చల్లేయకండి, అందరూ చేసేది అదే! బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో నూతి నీళ్లలోకి దించి పైకీ కిందకీ బాగా ఆడించాలి. తర్వాత కనీసం గంట ఆగాలి.

వాసనకి మా పెద్దమ్మ ముక్కు మూసుకుంటోంది. తాగే నీళ్లు ఇంకా కాచే తాగుతున్నాం.