మొఱ్ఱపెట్టుచున్నది కూలా, కూలోడా? (యాకోబు 5:4)

చెనిక్కాయ: మేడేకి మా ఊరి చర్చిలో వ్యవసాయ కూలీల మీటింగ్ పెడుతున్నాం. ఫ్లెక్సీ మీద యాకోబు పత్రికలోని మాట వేయాలి. మా అవ్వ నోట విన్నది 'బిగబట్టిన కూలీ మొరపెట్టుచున్నాడు' అని. ఫ్లెక్సీ కొట్టే పిల్లోడు ఫోన్లో చూసి 'చున్నది' అంటున్నాడు. ఆడకూలీ అనుకోవాలా? మా అనంతపురం పక్క చెనిక్కాయ పెరకను పోయేది ఎక్కువగా ఆడోళ్లే, అట్లయినా నాకు బాగానే ఉంది.

కుందూగట్టు: అందరూ వాడే బైబిల్లో ఇట్లుంది: "ఇదిగో మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." కూలి, హ్రస్వం. అరిచేది ఆడమనిషీ కాదు, మగమనిషీ కాదు, ఇవ్వని డబ్బు. మనుషుల గొంతు ఆ తర్వాతి మాటలో ఉంది, "మీ కోతవారి కేకలు". దీర్ఘం పెట్టి 'కూలీ' అని మనిషిని చేశారంటే ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

బండి ఱ: ముందు మొఱ్ఱ సంగతి చూడండి. అక్కడున్నది బండి ఱ, దానికింద ఇంకో ఱ. 'మొర' అని తేల్చేస్తే అందులోని అరుపు పోతుంది. అన్నా, ఫ్లెక్సీ మీద 'మొర్ర' అని మాత్రం వేయించొద్దు.

కుందూగట్టు: సార్, ఎవరు అరుస్తున్నారో తేలాక ఎట్లా అరుస్తున్నారో చూద్దాం.

హగరి: హ్రస్వం కాబట్టి డబ్బే అనడం నాకు ఎక్కలేదు. రాయదుర్గం పక్క 'ఈ పొద్దు కూలి దొరకల్యా' అంటే పని దొరకలేదనీ, పనికి మనిషి దొరకలేదనీ రెండూ అవుతాయి. అడిగేది రైతా, కూలోడా అన్నదాన్ని బట్టి. కాబట్టి మనిషి అన్న అర్థం హ్రస్వంలోనూ ఉంది. దీర్ఘం మటుకు మనది కాదు. అరవంలో, మనలో కూలి అంటే మొదట జీతమే. దొరల నోట్లో పడి అది మనిషి పేరైంది, తిరిగొచ్చేటప్పుడు దీర్ఘం తగిలించుకొచ్చింది.

కొండారెడ్డి బురుజు: గుజరాతు పక్క కోలి అనే జాతి పేరు నుంచి వచ్చిందనే వాదం కూడా ఉంది హగరి అన్నా. అది తేలనిదే మీ దీర్ఘం కథ నిలబడదు.

హగరి: రెండూ కలిసి ఉండొచ్చు. దొరలకు మనిషి పేరుకూ మనిషి జీతానికీ తేడా అక్కర్లేదు కదా.

కుందూగట్టు: ఇదే బైబిల్లో లేవీయకాండము 19:13 చూడండి, "కూలివాని కూలి". మనిషికి వాడు చేర్చారు, డబ్బుకు ఊరికే కూలి. అనువాదం చేసినవాళ్లకు తేడా బాగా తెలుసు. యాకోబు దగ్గరికొచ్చి మర్చిపోయారంటారా?

పాపాఘ్ని: గ్రీకు కొంచెం చదివినదాన్ని, ఒక మాట చెప్తా. మూలంలో ఉన్నది మిస్థోస్, అంటే జీతమే. అందులో హగరి అన్నకు చోటు లేదు. దాని పక్కన 'మీ నుండి' అని ఒక మాట ఉంది. దాన్ని 'బిగపట్టిన' తో కలిపితే మీరు ఆపిన కూలి అవుతుంది. 'మొఱ్ఱపెట్టు' తో కలిపితే కూలి మీ దగ్గర నుంచే అరుస్తోంది అనొచ్చు. వ్యాఖ్యాతల్లో రెండు పక్షాలూ ఉన్నాయి. నాకు రెండోదే ఇష్టం. కూలి షావుకారి బీరువాలో కూర్చుని, లోపలినుంచే వాడి మీద ఫిర్యాదు చేస్తోంది.

హగరి: అదైతే ఫ్లెక్సీకి బ్రహ్మాండం అక్కా. తెలుగులో ఏదీ మరి?

పాపాఘ్ని: తెలుగులో లేదు. అందుకే చెప్తున్నా.

చెనిక్కాయ: మా జనం 'కూలి' అని చదివి మనిషే అనుకుంటారు. నా టెన్షన్ అది.

నార్పల బస్టాండు: అనుకోనీలే తమ్ముడూ. మా మండలంలోని బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలుపెట్టారు. ఆ చట్టం 15 రోజుల్లో కూలి ఇవ్వాలంది, దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం అంది. మోషే చెప్పిన ద్వితీయోపదేశకాండము 24:15 పొద్దు గుంకకముందే ఇవ్వమంది. ఇచ్చేవాడి మీద మోషేకన్నా పార్లమెంటుకే దయ ఎక్కువ. ఫ్లెక్సీ మీద ఆ రెండూ పక్కపక్కన వేయి, కూలా కూలోడా అన్న గొడవే ఉండదు.

కొండారెడ్డి బురుజు: ఇంత మాట్లాడి జాషువాను వదిలేశారే! "వాడు చెమటోడ్చి ప్రపంచమునకు / భోజనము బెట్టు వానికి భుక్తి లేదు." యాకోబు చెప్పిందీ అదే. అదే వేయండి.

బండి ఱ: చెమటోడ్చి కాదు, చెమ్మటలోడ్చి. ఇది తేటగీతి పద్యం, పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. వాడు, చెమ్మట, లోడ్చిప్ర, పంచ, మునకు. గణాలు హ, భ, భ, హ, న. వా-పం యతి. 'చెమటోడ్చి' అన్నారంటే 'ప్రపంచ' దగ్గర ఏ ఇంద్రగణమూ కుదరదు, పాదమే కూలుతుంది.

పాపాఘ్ని: జాషువా పద్యం చర్చిలో వేయడం నాకూ ఇష్టమే. కానీ ఆ పద్యమున్న గబ్బిలం కావ్యంలో దళిత నాయకుడు మొర చెప్పుకునేది కాశీ విశ్వనాథుడికి, యేసుకు కాదు.

కొండారెడ్డి బురుజు: క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ ఇచ్చింది ఈయనకే కదక్కా!

పాపాఘ్ని: ఇచ్చింది. ఆయన్ను ఒక గుడిలోనో ఒక చర్చిలోనో కూర్చోబెట్టాలని చూస్తే కుదరదని అంటున్నా. 1941లో ఆ గబ్బిలాన్నే ఎందుకు పంపాడు? మనిషికి తలుపు మూసినా గబ్బిలం లోపలికి పోతుందని. ఇక్కడ కూడా అరిచేది మనిషి కాదు, డబ్బు. మనిషి మాట వినని చోట వేరేదేదో మాట్లాడాలి.

కుందూగట్టు: చూశారా, అక్క నా పక్షమే.

హగరి: బండి ఱ సార్, 'లోడ్చిప్ర'లో చి గురువు కాదా? ముందు ప్ర ఉందిగా. అప్పుడు భగణం కాదు, తగణం.

బండి ఱ: వేరే పదం, వేరే ఊపిరి. తెలుగు మాట తర్వాత సంస్కృత పదం మొదలైతే లఘువే.

హగరి: తగణం పెట్టినా ఇంద్రగణమే కదా సార్. పద్యానికి లేని బాధ మీకెందుకు?

చెనిక్కాయ: ఫ్లెక్సీ పిల్లోడు మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. హ్రస్వమే వేయమంటున్నా.

బండి ఱ: ఱ?