వియర్డ్ అంటే మొదట్లో వింత కాదు

"మాక్‌బెత్ నాటకంలో ముగ్గురు మంత్రగత్తెలుంటారు కదా, వియర్డ్ సిస్టర్స్. తెలుగులో 'వింత అక్కచెల్లెళ్లు' అంటే సరిపోతుందా?" అని ఒక సభ్యులు అడిగారు.

సరిపోదండీ. పాత ఇంగ్లీషులో ఈ వియర్డ్ అన్న మాట అసలు విశేషణం కాదు, నామవాచకం. అప్పటి రూపం విర్డ్, అర్థం విధి. బేవుల్ఫ్ కావ్యంలో నాయకుడు రాక్షసుడితో పోరుకు దిగే ముందు, విధి ఎలా నడవాలో అలాగే నడుస్తుందంటాడు. అక్కడున్నది ఈ మాటే. తర్వాత ఇంగ్లండు దీన్ని దాదాపు మరిచిపోయినా స్కాట్లండు వదల్లేదు. 'డ్రీ యువర్ వియర్డ్' అంటే నీ రాత నువ్వు అనుభవించు అని.

షేక్‌స్పియర్‌కు మాక్‌బెత్ కథ దొరికింది హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథంలో. అందులో వియర్డ్ సిస్టర్స్ అంటే విధి దేవతలని వివరణ కూడా ఉంది. రంగస్థలం మీద వాళ్ల గడ్డాలు, మంత్రాలు చూసిన జనానికి విధి కన్నా గగుర్పాటే గుర్తుండిపోయినట్టుంది. 19వ శతాబ్దపు కవులు దీన్ని 'ఈ లోకానికి చెందని' అన్న అర్థంలో వాడారు. అక్కడి నుంచి జారి జారి, ఇప్పుడు చొక్కా రంగు నచ్చకపోయినా వియర్డే. (స్పెల్లింగు కూడా మొండిదే. 'సీ తర్వాత తప్ప, ఈ కన్నా ముందు ఐ' అని బడిలో చెప్పే సూత్రానికి లొంగదు.)

నాకు అన్నిటికన్నా నచ్చేది దీని చుట్టరికం. విర్డ్ పుట్టిన ధాతువుకు తిరగడం, జరగడం అని అర్థం. సంస్కృతంలో దాని తోబుట్టువు 'వృత్'. అంటే ఆవర్తం, పరివర్తన, వృత్తాంతం, "ఈ రూలు మీకు వర్తించదు" అనేటప్పటి వర్తించడం, అన్నీ దీని బంధువులే. నార్స్ (పాత స్కాండినేవియా) పురాణాల్లో విధిని నిర్ణయించే ముగ్గురిలో ఒకామె ఉర్ద్, అదే మన విర్డ్. ఇంకొకామె వెర్దాందీ, అంటే 'జరుగుతున్నది'. మన 'వర్తమానం' కూడా ఆ ధాతువు నుంచి అదే తీరులో వచ్చిన రూపం!

అనువాదం సంగతికొస్తే, మాక్‌బెత్‌కు 'విధి సోదరీమణులు' నయం. 'తలరాత రాసే అక్కచెల్లెళ్లు' ఇంకా తెలుగుగా ఉంటుంది. మామూలు వాడుకలో మాత్రం సందర్భం చూసుకోవాలి. 'వింత'లో కుతూహలం ఉంది. 'విడ్డూరం'లో మూతి విరుపు ఉంది. మనిషి గురించైతే కుర్రకారు "వాడు కొంచెం తేడా" అంటున్నారు, వియర్డ్‌కు అంత దగ్గరి మాట నాకు ఇంకోటి తట్టలేదు. పాడుబడ్డ ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు "ఏదోలా ఉంది" అంటాం చూడండి, అది మాత్రం పాత వియర్డ్.

— విధి, వియర్డ్ ఒకే మూలమా సార్? వినడానికి దగ్గరగా ఉన్నాయి.

— కాదండీ. విధి 'ధా' ధాతువుకు 'వి' చేరి వచ్చింది. ఇంగ్లీషులో ఆ 'ధా'కు చుట్టం 'డూ', చేయడం. ధ్వని కలిసింది, అర్థం కలిసింది, మూలం మాత్రం కలవలేదు.