‘గెల్తుమనంగరాదు రా’: పాదం చివరి ఆ ‘రా’ ఎవరిది?

పెన్నగట్టు:
మా నాన్నగారికి తిక్కన ఎంత ఇష్టమో క్రికెట్టూ అంతే ఇష్టం. 2003 మార్చి 23న జోహానెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్. పాంటింగ్ కుదురుకుంటున్నాడని తెలియగానే, నెల్లూరు మూలాపేటలోని మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ఆయన గొంతెత్తి ‘వచ్చినవాడు ఫల్గుణు డవశ్యము గెల్తుమనంగరాదురా’ అని చదివారు. తిక్కన విరాటపర్వంలో, అర్జునుడు ఎదురుగా వచ్చినప్పుడు భీష్ముడు దుర్యోధనుడితో చెప్పే పద్యం అది. చివరి ‘రా’ను సాగదీసి నా వైపు చూశారు. పాంటింగ్ 140తో అజేయంగా నిలిచాడు, ఆస్ట్రేలియా 359 కొట్టింది, మనం 125 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రోజు నుంచి మ్యాచ్ జరుగుతుండగా ఆ పద్యం ఇంట్లో వినపడకూడదని అమ్మ కట్టడి చేసింది. నాన్నగారు దాన్ని ఇప్పటికీ పాటిస్తున్నారు, పెదవులు మాత్రం కదులుతాయి.

నా సందేహం ఇది. ‘రాదురా’లోని ‘రా’ తిక్కనదేనా, నన్ను ఉద్దేశించి నాన్నగారు కలిపిందా? రెండో పాదం ‘లచ్చికినై’ అని మొదలవుతుందని లీలగా గుర్తు. ఈ రెంటినీ కలిపి చదివితే అర్థం కుదరడం లేదు.

ఉదయగిరి:
‘రా’ తిక్కనదే. ఉత్పలమాల చివర వగణం, అంటే లఘువు తరువాత గురువు, ఉండాలి, ‘దురా’ ఆ లెక్కకు సరిపోయింది. ‘రా’ తీసేస్తే పాదం ఒక గురువు తక్కువతో కుంటుతుంది. అయితే అది పిలుపు కాదు. తరువాతి పాదంతో కలిపి ‘రాలచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వనేర్చునే’ అని చదవండి. రాలచ్చి అంటే రాజ్యలక్ష్మి. రాకొమరుడు, రాచూలి అన్నప్పుడు ఉన్న ‘రా’యే ఇది. రాజ్యం కోసం పోరాడే రెండు సైన్యాలూ గెలవగలవా అని భీష్ముడు అడుగుతున్నాడు. మూడో పాదం చివర కూడా ఇదే జరిగింది: ‘అట్లు గా’ అని ఆగి ‘కిచ్చ దలంచి’ అని మొదలవుతుంది. అది ‘అట్లు గాక, ఇచ్చ దలంచి’. ఒకే పద్యంలో రెండుసార్లు మాటను పాదాల మధ్య విరిచిన కవి ఆ ‘రా’ను ఎక్కడికి చేర్చాడో వేరే చెప్పాలా?

మైపాడు:
ఉదయగిరి గారి గణాలతో నాకు పేచీ లేదు, చెవితో ఉంది. పద్యం వినేవాడు తరువాతి పాదం వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోడు. పాదాంతంలో రాగం తీసే అలవాటు మన జిల్లాల్లోని పౌరాణిక నాటకాల్లో ఎంత బలంగా ఉందో చూసినవారికి తెలుసు. ‘గెల్తుమనంగరాదురా’ అని ఆపితే అది పిలుపుగానే వినిపిస్తుంది. మాట్లాడుతున్నది తాత, వింటున్నది మనవడు. సంభాషణను పద్యంలో పట్టడంలో తిక్కనను మించినవారు లేరు. ఆ రెండో ధ్వని ఆయనకు తెలియకుండా దొర్లిందంటే నేను ఒప్పుకోను. మొదట పిలుపు, ఊపిరి తీసుకున్నాక రాజ్యలక్ష్మి. రెండూ ఉన్నాయి.

ఉదయగిరి:
తాతే, కాదనను. కానీ ఎక్కడ మాట్లాడుతున్నాడు? విరాటుడి గోవుల్ని పట్టుకుని, ద్రోణుడు, కృపుడు, కర్ణుడు, అశ్వత్థామ అందరూ ఉన్న సేన నడుమ. అక్కడ రాజును ‘ఒరే’ అంటాడా? వ్యాసుడి సంస్కృత మూలంలో భీష్ముడు ‘కౌరవ’ అనీ ‘రాజేంద్ర’ అనీ సంబోధిస్తాడు. ‘ఏకాంతసిద్ధిం రాజేంద్ర సంప్రాప్తశ్చ ధనంజయః’. యుద్ధంలో ఒకే పక్కకు రాసిపెట్టిన గెలుపును నేను ఎన్నడూ చూడలేదు, పైగా వచ్చింది అర్జునుడు అని. దాన్నే తిక్కన ‘అవశ్యము గెల్తుమనంగరాదు’ అన్నాడు. మర్యాద తెలిసిన సభలో ‘రా’కు చోటు లేదు.

గుండ్లకమ్మ:
ఆ మూలంలోనే నాకు ఆసక్తి కలిగించే సంగతి ఉంది. వ్యాసుడు ధనంజయుడంటే తిక్కన ఫల్గుణుడన్నాడు. ఛందస్సు కోసమని తేల్చేయవచ్చు, నాకది చాలదు. కాసేపటికి ముందే జమ్మిచెట్టు దగ్గర అర్జునుడు ఉత్తరకుమారుడికి తన పది పేర్లు చెప్పాడు. హిమవంతం మీద ఫల్గునీ నక్షత్రంలో పుట్టాను కనుక ఫల్గునుణ్ణి అన్నాడు. ఆ పేరు అప్పుడే విన్న శ్రోతకు భీష్ముడి నోట మళ్లీ వినిపించాలని తిక్కన అనుకున్నాడని నా నమ్మకం. ఉరుములు ఉరిమినప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ’ అని చదువుతారే, అందులో పిడుగును ఆపే పేరు ఇది. మరి మూలంలోని ‘న’ మన నోట ‘ణ’ ఎప్పుడైంది? ఎవరైనా పాత ప్రతులు చూశారా?

కనిగిరి:
మా అత్తగారు ఉరుములకే కాదు, చివరి ఓవర్లకు కూడా ఆ పేర్లు చదువుతారు. ఆ సమయంలో ఎవరూ కూర్చున్న చోటు నుంచి లేవకూడదు. పొయ్యి మీద పాలు పొంగితే పొంగనీ అంటారు. ఆవిడ భక్తికి నేను ఎప్పుడూ నవ్వలేదు. బంతి వేసేవాడికీ కొట్టేవాడికీ మధ్య మనం చేయగలిగింది అదొక్కటే.

కానీ ఒక విషయం ఎవరూ అనలేదు. ఆ పద్యం కౌరవుల వైపు నిలబడి చెప్పేది. మనం ఎదుటి జట్టులో గొప్పవాడు బ్యాటుతో దిగిన ప్రతిసారీ ‘వచ్చినవాడు ఫల్గుణుడు’ అంటున్నామంటే, ఆ పూటకు మనం దుర్యోధనుడి సేనలో ఉన్నామన్నమాట. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ నాడు అదే అనుభవించాం. వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి వచ్చాం, 240కే ఆలౌటైనా ఆస్ట్రేలియాను 47కు 3 వికెట్ల దగ్గర పట్టేశాం. గెలిచేశామని మా ఇంట్లో పిల్లలు గంతులు వేశారు. హెడ్ 137 కొట్టాడు. లబుషేన్‌తో కలిసి 192 పరుగులు జోడించాడు. ‘అవశ్యము’ అనే మాట బరువు ఆ రాత్రి తెలిసింది. నా మట్టుకు నేను ‘రా’ మీద కాదు, ‘గెల్తుము’ మీద ఆగుతాను. భీష్ముడు ‘గెలుతువు’ అనలేదు. తనను కూడా కలుపుకుని ‘గెల్తుము’ అన్నాడు. వంటింట్లో గరిట పట్టుకుని ‘మనం గెలుస్తాం’ అనే హక్కు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ‘ము’ చెబుతుంది.

మైపాడు:
కనిగిరి గారి ‘ము’ బాగుంది. అయితే ఇందులో మనం, మేము అనే తేడా తెలియదు కదా. దుర్యోధనుణ్ణి కలుపుకున్నాడో, యోధులమైన మేము అన్నాడో క్రియ చెప్పదు.

గుండ్లకమ్మ:
తిక్కన తిక్కన అని నెల్లూరు వాళ్లు ఊపిరాడనివ్వరు. పదిహేను పర్వాలు రాసిన మహానుభావుడు, నమస్కారం. కానీ ఆయన, నన్నయ మధ్యలో ఆపిన అరణ్యపర్వాన్ని వదిలేసి విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఆ ఖాళీని పూరించినవాడు మా ఎఱ్ఱన. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న కవి, తన ప్రభువును పక్కనపెట్టి, నన్నయ పేరుతో, నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితంగా దాన్ని పూర్తి చేశాడు. నన్నయలా మొదలై తిక్కనలా ముగుస్తుంది ఆ భాగం. 2001లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ టెస్టులో లక్ష్మణ్ 281 గురించి అందరూ మాట్లాడతారు. రెండో వైపు నిలబడి ద్రవిడ్ చేసిన 180 లేకపోతే ఆ 376 పరుగుల భాగస్వామ్యం ఎక్కడిది? నాకు ఎఱ్ఱన అలాంటివాడు.

మైపాడు:
ఎఱ్ఱన స్వస్థలంగా చెప్పే గుడ్లూరు 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నెల్లూరు జిల్లాలో కలిసిందని గుర్తుచేస్తున్నాను.

గుండ్లకమ్మ:
గెజెట్టుతో కవులు చేతులు మారరు. పాకనాటి కవి ఇరువురికీ చెందుతాడు, అంతవరకు ఒప్పుకుంటాను.

పెన్నగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ‘రా’ గురించి ఆయన ఏమీ చెప్పలేదు, ఉదయగిరి గారి వాదన దగ్గర తల ఊపారు, మైపాడు గారి వాదన దగ్గరా ఊపారు. కనిగిరి గారి మాటలు రెండుసార్లు చదివించుకున్నారు. తరువాత ఆయనే ఒక ప్రశ్న వేశారు. నాలుగో పాదంలో ‘పొందగు చేతయుం దగున్’ అన్నచోట ‘పొందగు’ అంటే తగినదని అర్థమా, పొందు అంటే సంధి కనుక సంధి చేసుకోవడమా?

ఉదయగిరి:
సంధి. హెచ్చూ కుందూ రెండూ ఉంటాయి, తలపడితే అన్నిటికీ ఓర్చుకోవాలి, లేదా ఇప్పుడే పొందు చేసుకోవడమూ తగినదే అని భీష్ముడు రెండు దారులు చూపుతున్నాడు. ‘తగున్’ అని చివర ఉండగా ‘పొందగు’కు కూడా తగినదనే అర్థం చెబితే పునరుక్తి.

కనిగిరి:
మూలంలో అక్కడ ‘కర్మ వా ధర్మసంహితమ్’ అని ఉంది. ధర్మంతో కూడిన పని అని. అది సంధి ఒక్కటే ఎందుకు కావాలి? తిక్కన ‘సంధి’ అనే మాట తెలియక మానేశాడా? దుర్యోధనుడు వెంటనే ‘పాండవులకు రాజ్యం ఇవ్వను’ అంటాడు కాబట్టి అతనికి సంధి అనే వినిపించిందని ఒప్పుకుంటాను. చెప్పినవాడి మనసులో అంతకంటే పెద్దది ఉందని నా వాదన.

మైపాడు:
విన్నవాడికి వినిపించిందే అర్థమైతే, నా ‘రా’ కూడా గెలిచినట్టే కదా.

ఉదయగిరి:
లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి వ్యాఖ్యాన ప్రతి తీసి రేపు రాస్తాను, అప్పుడు మాట్లాడదాం.